చివరి బెజ్జం

చిలోయే దీవిలో వాన ఆగదు,
కాసేపు తలుపు దగ్గర నిలబడుతుందంతే.
ఆ వానలోనే నిచ్చెన మోసుకుని వచ్చాను
ఇనుప మేకు ఒక్కటీ లేని చెక్క చర్చికి.
పడవలు కట్టే చేతులే దీన్నీ కట్టాయట.
అటక మీదికి తల దూర్చి చూస్తే
బోర్లించిన పడవ కడుపు,
తరాల తరబడి ఎండిన కట్టె.
ఒక్క కరెంటు తీగ వేడెక్కితే చాలు.

నా పని గొట్టం గీయడం.
కాగితం మీద ఎర్ర గీత,
గీత మీద నాలుగేసి అడుగులకు ఒక బెజ్జం,
మొదట్లో ఒక పెట్టె, పెట్టెలో చిన్న పంకా.
రాత్రీ పగలూ అది గాలిని పీల్చి
సన్నటి వెలుగు ముందు నిలబెట్టి అడుగుతుంది:
ఎక్కణ్ణుంచి వచ్చావు? ఏం మోసుకొచ్చావు?

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నాకు జీతమిచ్చేది ఆ సామెత కన్నా ముందున్న క్షణానికి.
పొగ ఇంకా పొగ కాకముందు,
తీగ మీది తొడుగుకు కాస్త చెమట పట్టినప్పుడు,
ఎవరి కంటా పడనప్పుడు.

అన్ని బెజ్జాలూ ఒకే కొలతైతే అన్యాయం.
పెట్టె పక్కనున్నవి గుటకలు వేస్తాయి.
చివరి దాకా వచ్చేసరికి పీల్పు సన్నగిల్లుతుంది,
విందులో కడపంక్తి వాడి విస్తట్లోకి
పులుసులో ముక్క లేకుండా నీళ్లే పడ్డట్టు.
అందుకే మొదటివాటికి రెండు మిల్లీమీటర్లు,
పోనుపోను రెండున్నర, మూడు,
కొసమూతకు నాలుగు.
లెక్కల యంత్రం ఒప్పుకుంది:
చివరి బెజ్జం నుంచి పెట్టెకు డెబ్బైనాలుగు సెకన్లు.
ఆ రోజు రొట్టె రెండోసారి అడిగి తిన్నాను.

దోన్ ఎలియోదోరో ఒప్పుకోలేదు.
నలభై ఏళ్లుగా తాళంచెవులు ఆయన దగ్గరే.
గీత చూశాడు, కళ్లద్దాలు తుడిచాడు, మళ్లీ చూశాడు.
"ఇక్కడ పొగ ఇలా నడవదు, యాస్నా."

కొవ్వొత్తి వెలిగించి ఊదేశాడు.
ఆ నూలుపోగు నేను గీసిన నడికప్పుకు పోలేదు.
మనిషెత్తు లేచి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి,
ఉత్తరం మూలకు తిరిగింది,
వేలు విరిగిన సాధువు బొమ్మ వెనక్కి.
"అక్కడ పైకప్పు చెక్క ఒకటి వదులు.
నా పెళ్లినాటి కొవ్వొత్తి కూడా అటే పోయింది."

నా దగ్గరున్న పుస్తకాల్లో ఆ పెళ్లి లేదు.

మళ్లీ గీశాను.
ఒక్కో వంపుకు ఇంత ఆలస్యమని గాలి సుంకం వేస్తుంది.
పెట్టెను గాయకుల వసారా కిందికి జరిపాను,
రెండు వంపులు మిగుల్చుకున్నాను,
సాధువు అంగీ మడతలోంచి
వెంట్రుకంత గొట్టం ఒకటి దించాను.
బయటికి కనిపించదు. ఆయనకు చక్కిలిగింత పెడుతుందేమో.

పరీక్ష రోజు మూల దగ్గర తీగముక్క కాల్చాం.
నేను గడియారం చూస్తున్నాను,
ఆయన జపమాల తిప్పుతున్నాడు.
నాలుగో పూస. ఐదు.
చెమ్మ ఎక్కువై గొట్టం మూసుకుపోయిందేమో అనుకున్నాను.
ఆరు.
ఏడో పూస సగంలో ఉండగా పెట్టె మీద దీపం వెలిగింది.
తొంభై ఒకటి.
జపం మధ్యలో వదలకూడదని
ఆయన చివరిదాకా చదివాకే నవ్వాడు.

రెండు వారాలు పెట్టె ఊరి వాసన నేర్చుకుంది.
మైనం, తడి ఉన్ని,
పొయ్యి గదుల పొగ పట్టిన కోట్లు.
మొదటి ఆదివారం ముల్లు కాస్త లేచి,
మనుషుల్ని గుర్తుపట్టి కూర్చుంది.

పడవ ఎక్కే ముందు తాళాల గదిలోకి తొంగిచూశాను.
గోడ మీద ఆటుపోట్ల పట్టిక.
దాని కింద సుద్దముక్కతో ఆయన అక్షరాలు:
వడపోత మార్చాలి, మేలో, నవంబరులో.
ఇంకా కింద, రెండుసార్లు గీత గీసి:
ఉత్తరం మూల వదులు చెక్క.
ఎవరూ బాగుచేయవద్దు.